సొట్ట ఎవరు పెట్టారు?

ఇలా అనుకుందాం.

రేపల్లె దగ్గర ఒక పల్లె. అక్కడ ఒక కుటుంబానికి ఒక కారు ఉంది. బాడుగకి తిప్పుతారు. పెళ్ళిళ్ళకి, ఆసుపత్రికి, సూర్యలంకలో సముద్ర స్నానాలకి జనాన్ని తీసుకెళ్తారు. భర్త నడుపుతాడు. లెక్క భార్య చూస్తుంది. అప్పు వాయిదాలు ఆమే కడుతుంది. బండి ఆమె పేరు మీదే ఉంది.

ఆ కారుని తెనాలిలో ఒక షోరూముకి సర్వీసింగుకి ఇచ్చారు. సాయంత్రం తెచ్చుకోవడానికి ఇద్దరూ వెళ్ళారు. చూస్తే వెనక తలుపుకి సొట్ట. సొట్ట పక్కనే జానెడు పొడుగు గీత.

"ఇదేంటండీ? పొద్దున ఇచ్చినప్పుడు ఇది లేదుగా?" అంది ఆమె.

"మీరు తెచ్చినప్పుడే ఉందమ్మా. మా దగ్గర అలాంటివి జరగవు" అన్నాడు మేనేజరు.

"లేదండీ. పొద్దునే నేను తుడిచి పంపించాను."

"అయితే ఈ కాగితం చూడండి. కింద మీ ఆయన సంతకం ఉంది. బండి మీద గీతలు, సొట్టలు ఉన్నాయని ఇందులో రాశాం."

సంతకం ఉంది. అది నిజమే. పొద్దున ఆ కాగితంలో ఏం రాసి ఉందో భర్త చదవలేదు. రైలు టైమైందని హడావుడిగా సంతకం చేసి వచ్చేశాడు.

ఇప్పుడు ఆ సొట్ట ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? ఈ తగువు కార్లున్న వాళ్ళకే కాదు. ఆటో ఉన్నవాళ్ళకి వస్తుంది. మోపెడ్ ఉన్నవాళ్ళకి వస్తుంది. కుట్టు మిషను బాగుచేయడానికి ఇచ్చినా వస్తుంది.

మన వస్తువు, వాళ్ళ చేయి

మనం రోజూ మన వస్తువులు ఇంకొకరి చేతిలో పెడుతూనే ఉంటాం. జాకెట్టు గుడ్డ దర్జీకి ఇస్తాం. తెగిన గొలుసు కంసాలికి ఇస్తాం. మిక్సీ పాడైతే షాపుకి ఇస్తాం. వస్తువు మనదే. కొంతసేపు వాళ్ళ దగ్గర ఉంటుంది. పని కాగానే మన వస్తువు మనకి రావాలి. గొలుసు ఇస్తే గొలుసే రావాలి, అంతే బరువుతో రావాలి. ఈ సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. కంసాలి దగ్గర తూకం వేయించకుండా ఏ ఆడది గొలుసు ఇస్తుంది?

ఇలా అప్పగించడానికి చట్టం ఉంది. దాని పేరు భారత కాంట్రాక్టు చట్టం. కాంట్రాక్టు అంటే ఒప్పందం. ఈ చట్టం 1872లో తెల్లదొరల కాలంలో వచ్చింది. ఇప్పటికీ నడుస్తూనే ఉంది. అందులో 148వ సెక్షను నుంచి ఈ అప్పగింతల గురించే ఉంటుంది.

151వ సెక్షను ఏం చెబుతుంది? వస్తువు పుచ్చుకున్నవాళ్ళు దాన్ని జాగ్రత్తగా చూడాలి. ఎంత జాగ్రత్తగా? మామూలు బుద్ధి ఉన్న మనిషి అలాంటి సొంత వస్తువుని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత. అంతకన్నా తక్కువ పనికిరాదు.

152వ సెక్షను ఇంకో మాట చెబుతుంది. వేరే ఒప్పందం ఏమీ లేనప్పుడు, అంత జాగ్రత్త తీసుకున్నా వస్తువు పాడైతే పుచ్చుకున్నవాళ్ళది బాధ్యత కాదు.

షెడ్డు వాళ్ళు, షోరూము వాళ్ళు ఈ రెండో మాటనే గట్టిగా పట్టుకుంటారు. "మేం జాగ్రత్తగానే చూశాం" అంటారు. అన్నంత మాత్రాన సరిపోతుందా? చూశామని ఎవరు రుజువు చేయాలి? దీని మీద మన సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ఉంది.

ఢిల్లీ హోటలు కేసు

1998 ఆగస్టులో ఢిల్లీలో ఒకాయన రాత్రిపూట తాజ్‌మహల్ హోటలుకి వెళ్ళాడు. కారు తాళం హోటలు మనిషికి ఇచ్చాడు. హోటలు మనిషి కారు తీసుకెళ్ళి నిలబెట్టాలి. ఆయనకి ఒక చీటీ ఇచ్చారు. ఆ చీటీ మీద "బండికి ఏమైనా అయితే మాకు సంబంధం లేదు, మీదే పూచీ" అనే అర్థం వచ్చేలా రాసి ఉంది. ఆయన బయటికి వచ్చేసరికి కారు లేదు. ఎవరో తాళం తీసుకుని కారు తోలుకుపోయారు.

హోటలు వాళ్ళు చీటీ చూపించారు. ఆ చీటీ మీద మాటతోనే తప్పించుకుందామనుకున్నారు. కేసు ఏళ్ళ తరబడి నడిచింది. చివరికి 2019 నవంబరు 14న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఒకసారి బండి హోటలు మనిషి చేతిలో పెట్టాక దాన్ని క్షేమంగా తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత హోటలుదే అంది. నష్టం తమ అజాగ్రత్త వల్ల జరగలేదని ముందుగా హోటలే చూపించుకోవాలి అంది. అది చూపించుకున్నాకే చీటీ మీద రాసిన మాటకి విలువ. తమ పనివాళ్ళ అజాగ్రత్తకి బాధ్యత లేదని రాసుకుని తప్పించుకోవడం కుదరదు.

ఇది హోటలు కేసు. షోరూము కేసు కాదు. కానీ కోర్టు చూసింది ఈ 151, 152 సెక్షన్లే. బండి షెడ్డులో ఇచ్చినా అవే సెక్షన్లు. అందుకని షోరూము గోడ మీద "మీ బండికి మీదే పూచీ" అని బోర్డు ఉంటే భయపడకండి. బోర్డు రాయడం తేలిక.

కానీ ఒకటి మాత్రం మన వంతు. ఇచ్చినప్పుడు బండి బాగుంది, తీసుకున్నప్పుడు సొట్ట ఉంది. ఇది మనం చూపించాలి. ఇంత చూపిస్తే, సొట్ట ఎలా పడిందో చెప్పుకోవాల్సిన పని వాళ్ళ మీద పడుతుంది. మరి ఇచ్చినప్పుడు బండి బాగుందని దేంతో చూపిస్తాం? కాగితంతో.

జాబ్ కార్డు చదవండి

బండి ఇవ్వగానే షోరూములో ఒక కాగితం రాస్తారు. దాన్ని జాబ్ కార్డు అంటారు. బండి నంబరు, యజమాని పేరు, చేయాల్సిన పనులు, అయ్యే ఖర్చు, ఎప్పుడు ఇస్తారు అన్నవి అందులో ఉంటాయి. చాలా చోట్ల కారు బొమ్మ కూడా వేసి ఉంటుంది. ఎక్కడ సొట్ట ఉంటే బొమ్మలో అక్కడ గుర్తు పెడతారు. ఆ బొమ్మే అన్నిటికన్నా ముఖ్యం.

కొందరు బొమ్మని ఖాళీగా వదిలేస్తారు. సంతకం అయ్యాక గుర్తులు పెట్టుకునే వీలు అలా ఉంచుకుంటారు. కొందరు "బండి మీద గీతలు, సొట్టలు ఉన్నవి" అని ఒకే ముక్క రాసేస్తారు. ఎక్కడ? ఎన్ని? ఏమీ ఉండదు. పైన చెప్పిన కుటుంబానికి తగిలిన దెబ్బ ఇదే. అలాంటి మాట కనిపిస్తే "ఎక్కడుందో చూపించి రాయండి" అనండి. ఏమీ లేకపోతే ఆ మాట కొట్టేయించండి. కొట్టేసిన చోట ఇద్దరూ సంతకం చేయాలి. ఉన్న పాత సొట్టని మాత్రం దాచకండి. ఉన్నది ఉన్నట్టు రాస్తేనే, లేనిది లేదన్న మన మాటకి బలం.

కాగితం ఇంగ్లీషులో ఉంటే? "నాకు తెలుగే వచ్చు. చదివి చెప్పండి" అనడానికి సిగ్గు ఎందుకు? డబ్బు కట్టేది మనం. చెప్పింది విన్నాక, సంతకం పక్కనే తెలుగులో మీరే ఒక ముక్క రాయండి: "బండి బాగున్నది. సొట్టలు లేవు." తారీఖు వేయండి. ఈ నాలుగు మాటలు రాయడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

మీటరు మీద ఎన్ని కిలోమీటర్లు ఉన్నాయో, పెట్రోలు ముల్లు ఎక్కడుందో కూడా రాయించండి. ఎందుకో కాసేపట్లో చెబుతాను. స్టెప్నీ టైరు, జాకీ, పాటల పెట్టె ఉన్నాయని రాయించండి. మీ నకలు మీరు అడిగి తీసుకోండి.

చేతిలో ఫోను ఉంటే బండి చుట్టూ ఒక చుట్టు తిరిగి ఫొటోలు తీయండి. షోరూము ఆవరణలో, వాళ్ళ బోర్డు కూడా పడేలా తీయండి. ఫొటో ఏ రోజు, ఏ టైముకి తీసిందీ ఫోనులోనే ఉంటుంది. ఇంట్లో తీసిన ఫొటో కన్నా ఇది మేలు. ఇంట్లో తీస్తే "దారిలో గుద్దుకుని తెచ్చారు" అంటారు.

గుర్రం ఉదాహరణ

కిలోమీటర్లు ఎందుకు రాయించాలి? మన బండిని సర్వీసింగుకి ఇచ్చాం. పని అయ్యాక సరిగ్గా నడుస్తుందో లేదో చూడటానికి కొంచెం దూరం తోలతారు. అది మామూలే. అలా కాకుండా ఎవరో కుర్రాడు దాన్నేసుకుని టిఫిను తేవడానికి బజారుకి వెళ్ళాడనుకోండి. లేదా చుట్టాన్ని స్టేషనులో దింపడానికి వెళ్ళాడనుకోండి. ఈ సంగతి మీటరు చెబుతుంది. నాలుగు కిలోమీటర్లు పెరగాల్సింది నలభై పెరిగితే అడగాలి.

దీనికి 154వ సెక్షను ఉంది. 1872లో ఇక్కడ కార్లు లేవు. అందుకని చట్టంలో గుర్రంతో చెప్పారు. ఒకడు తన గుర్రాన్ని ఇంకొకడికి ఇస్తాడు. నువ్వు మాత్రమే ఎక్కాలి అంటాడు. వాడు తన ఇంట్లో ఇంకొకరిని ఎక్కిస్తాడు. ఆ మనిషి జాగ్రత్తగానే తోలతాడు. అయినా గుర్రం పడిపోతుంది, దెబ్బ తగులుతుంది. అప్పుడు గుర్రం పుచ్చుకున్నవాడే నష్టం కట్టాలి. అంటే, ఇచ్చిన పనికి కాకుండా వేరే పనికి వాడుకుంటే, ఎంత జాగ్రత్తగా నడిపాం అన్న సాకు కూడా పనికిరాదు. గుర్రం చోట మన కారుని పెట్టుకుని చదువుకోవచ్చు.

గేటు దాటక ముందే

బండి తీసుకునేటప్పుడు చీకటి పడకుండా వెళ్ళండి. వెలుతురులో చుట్టూ చూడండి. కడిగిన తడి బండి మీద గీతలు కనపడవు. ఆరాక చూడండి, లేదా గుడ్డతో తుడిచి చూడండి. అన్నీ చూశాకే "బండి సంతృప్తిగా అందినది" అన్న చోట సంతకం చేయాలి. గేటు దాటి ఇంటికి తీసుకెళ్ళి మర్నాడు వస్తే మన మాట పలచబడిపోతుంది.

సొట్ట కనిపిస్తే అక్కడే ఫొటో తీయండి. జాబ్ కార్డు మీద, బిల్లు మీద రాయండి. "వెనక తలుపుకి కొత్త సొట్ట ఉన్నది. ఇచ్చినప్పుడు లేదు." మేనేజరు సంతకం అడగండి. పెట్టకపోతే "సంతకం పెట్టలేదు" అని కూడా రాయండి. షోరూములో కెమెరాలు ఉంటే ఆ రోజు బొమ్మలు దాచి ఉంచమని కాగితం మీద రాసి ఇవ్వండి. కెమెరా బొమ్మలు ఎక్కువ రోజులు ఉండవు. పాతవాటి మీద కొత్తవి పడతాయి. అందుకని ఇది ఆ రోజే చేయాలి.

మరి డబ్బు కట్టాలా, మానాలా? కోపంలో చాలామంది "సొట్ట తీసేదాకా పైసా ఇవ్వం" అంటారు. ఇక్కడ కొంచెం ఆలోచించాలి. చేసిన పనికి కూలి ఇచ్చేదాకా బండిని ఆపుకునే హక్కు 170వ సెక్షను షెడ్డు వాళ్ళకి ఇచ్చింది. బాడుగ బండి నాలుగు రోజులు ఆగితే నాలుగు రోజుల తిండి ఆగుతుంది. అందుకని చేసిన పనికి డబ్బు కట్టేయడమే మంచిదని నా అభిప్రాయం. కట్టి, "సొట్ట గురించి నా అభ్యంతరం ఉన్నది" అని బిల్లు మీద రాయండి. కట్టినంత మాత్రాన సొట్టకి ఒప్పుకున్నట్టు కాదు. బిల్లు మాత్రం వదలకండి. బిల్లు ఇవ్వకపోవడం కూడా 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పే.

వాళ్ళు చెప్పే జవాబులు

"కొత్తగా చేరిన కుర్రాడు చేశాడమ్మా, నాకేం తెలుసు?" అంటారు. కుర్రాణ్ణి పనిలో పెట్టింది యజమాని. పనిలో కుర్రాడు చేసిన దానికి యజమానే జవాబు చెప్పాలి. పాపం ఆ కుర్రాడి జీతంలో కోసుకోమని మనం అనక్కర్లేదు.

"మీ ఇన్సూరెన్సులో పెట్టుకోండి, ఫ్రీగా అయిపోతుంది" అంటారు. ఇది తియ్యటి మాట. ఫ్రీ కాదు. ఏడాదిలో ఏ క్లెయిమూ చేయని వాళ్ళకి మరుసటి ఏడు ఇన్సూరెన్సులో మన బండి నష్టానికి కట్టే సొమ్ములో తగ్గింపు వస్తుంది. దాన్ని నో క్లెయిమ్ బోనస్ అంటారు. మొదట నూటికి 20తో మొదలై ఐదేళ్ళకి నూటికి 50 దాకా పెరుగుతుంది. వాళ్ళ సొట్టకి మన ఇన్సూరెన్సు వాడితే ఆ తగ్గింపు పోయేది మనకే.

"కంపెనీని అడగండి" అంటారు. ఇది కూడా చూసుకోవాలి. బండి తయారు చేసే కంపెనీ వేరు, అమ్మే డీలరు వేరు. గోవాలో ఒకాయన 2011లో కొత్త కారని కొన్నాడు. తీరా చూస్తే అది 2009లో తయారైంది, అప్పటికే తిరిగిన బండి. ఆ కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఏమందంటే, డీలరు చేసిన తప్పు కంపెనీకి తెలుసని చూపించకపోతే కంపెనీ మీద బాధ్యత వేయలేం అంది. డీలరు బాధ్యత డీలరుకి ఉండనే ఉంది. అందుకని సొట్ట షోరూములో పడితే అడగాల్సింది షోరూమునే. కొత్త బండి కొనేటప్పుడు కూడా అంతే. తాళం తీసుకోక ముందే తలుపులు, మీటరు, తయారైన నెల చూసుకోండి.

ఇంకోటి. "గాలివాన వచ్చిందమ్మా, మేం ఏం చేస్తాం?" అంటారు. మన బాపట్ల, రేపల్లె వాళ్ళకి ఇది కొత్త కాదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. చెట్టు విరిగి షెడ్డులో కారు మీద పడితే బాధ్యత ఎవరిది? షెడ్డు వాళ్ళు చేయగలిగిందంతా చేసి ఉంటే వాళ్ళది కాదు. ఆ మాట ఒప్పుకోవాలి. కానీ తుఫాను వస్తుందని ముందే రేడియోలో, టీవీలో చెబుతారు. మూడు రోజుల ముందు తెలిసి కూడా బండిని ఎండిన చెట్టు కింద, పల్లపు చోట వదిలేస్తే అది జాగ్రత్త కాదు. ఇంకో సంగతి. శనివారం ఇస్తామన్న బండిని తమ ఆలస్యం వల్ల మంగళవారం దాకా ఉంచుకున్నారనుకోండి. మంగళవారం తుఫాను వచ్చింది. అప్పుడు 161వ సెక్షను ప్రకారం ఇవ్వాల్సిన రోజు దాటాక జరిగిన నష్టం వాళ్ళదే. జాబ్ కార్డులో "ఎప్పుడు ఇస్తారు" అన్న గడి ఖాళీగా వదలకూడదని చెప్పేది ఇందుకే.

మాట వినకపోతే

ముందు మేనేజరుతో, ఆ పైన యజమానితో నెమ్మదిగా మాట్లాడండి. చిన్న సొట్ట అయితే చాలా తగువులు అక్కడే తీరతాయి. "మా ఖర్చుతో తీసేస్తాం" అంటే ఏ రోజుకి చేస్తారో రాయించుకుని ఒప్పుకోండి. వినకపోతే ఉత్తరం రాయండి. ఇలా రాయొచ్చు:

"అయ్యా, నా కారు నంబరు ........ ను ........ తారీఖున మీ షోరూములో సర్వీసింగుకి ఇచ్చాను. జాబ్ కార్డు నంబరు ......... అప్పుడు బండికి సొట్టలు లేవు. అదే రోజు తీసుకునేటప్పుడు వెనక తలుపుకి సొట్ట, గీత ఉన్నాయి. బాగుచేయడానికి ........ రూపాయలు అవుతుందని వేరే షెడ్డులో రాసిచ్చారు. 15 రోజులలో మీరు బాగుచేయించాలి, లేదా ఆ డబ్బు ఇవ్వాలి. లేకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. జాబ్ కార్డు, బిల్లు, ఫొటోల నకళ్ళు జతచేశాను. ఇట్లు, ........"

దీన్ని స్పీడ్ పోస్టులో పంపండి. పోస్టాఫీసు రసీదు దాచండి. అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వకండి. నకళ్ళే పంపండి.

జవాబు రాకపోతే 1915 నంబరుకి ఫోను చేయండి. అది వినియోగదారుల హెల్ప్‌లైను. తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్ళు షోరూముకి మన ఫిర్యాదు పంపి రాజీకి చూస్తారు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయాలి. తెనాలి వాళ్ళకి అది గుంటూరులో ఉంది. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడ్డాక బాపట్ల, రేపల్లె ఆ జిల్లాలో చేరాయి. అక్కడివాళ్ళు ఎక్కడ వేయాలో 1915లోనే అడిగి తెలుసుకోండి. షోరూము ఏ ఊళ్ళో ఉన్నా మనం ఉండే జిల్లాకి సంబంధించిన కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. మనం చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు. వకీలు లేకుండా మనమే మాట్లాడొచ్చు. నష్టం జరిగిన రెండేళ్ళ లోపు వేయాలి.

"మీది బాడుగ బండి, వ్యాపారం. మీరు వినియోగదారులు కారు" అని వాళ్ళు వాదించవచ్చు. పొట్టకూటి కోసం తామే కష్టపడి తిప్పుకునే బండికి ఆ వాదన నిలవదు. చట్టంలోనే ఆ మాట ఉంది. పది కార్లు పెట్టి డ్రైవర్లతో నడిపించే వాళ్ళ సంగతి వేరు.

వకీలు కావాలనుకుంటే ఆడవాళ్ళకి ఉచితం. 1987 నాటి న్యాయ సేవల చట్టం ఆడవాళ్ళకి ఆదాయం చూడకుండానే ఉచిత న్యాయ సహాయం ఇచ్చింది. మీకు ఎంత ఉందని ఎవరూ అడగరు. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడు చోట్లా కోర్టులు ఉన్నాయి. అక్కడ న్యాయ సేవల కమిటీ ఎక్కడని అడగండి. 15100కి ఫోను చేసినా చెబుతారు.

కేసు మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. నిజానికి అంతకన్నా ఎక్కువే పడుతుంది. వాయిదాలు ఉంటాయి. బస్సు ఖర్చులు ఉంటాయి. మూడు వేల రూపాయల సొట్టకి ఇంత తిరగాలా అనిపిస్తే, అది మీ లెక్క, మీరే వేసుకోవాలి. ఇంజను పాడైనా, బండి గుద్దుకుని ముందు భాగం పోయినా మాత్రం వదలొద్దు. కమిషన్‌లో రాజీకి కూర్చోబెట్టే ఏర్పాటు కూడా ఉంది. ఇద్దరూ ఒప్పుకుంటే అక్కడ తొందరగా తేలుతుంది. తీర్పు మనకి నచ్చకపోతే 45 రోజుల లోపు విజయవాడలో ఉన్న రాష్ట్ర కమిషన్‌కి అప్పీలు చేసుకోవచ్చు.